వేగిసకు తావెక్కడ?

మొగుడి ఫోనెత్తింది కుముదవల్లి. అవతల ఆయన ల్యాబులో పనిచేసే ఇందీవర గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది. "అమ్మా, సార్‌ను అర్జంటుగా ల్యాబుకు రమ్మనండి. తావు మీ ఇంట్లోనే ఉంది!"

ఆ ఊరి సెల్ టవరుకు ఆకలెక్కువ. 'తా'ను దారిలోనే మింగేసి, దాని బదులు 'చా'ను కక్కింది.

"చావు మా ఇంట్లో ఉందా?" అని కుముదవల్లి పెట్టిన కేకకు లైను కూడా దడుచుకుని తెగింది.

ఆత్మకూరులో ఆ వీధంతా గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళే. ఒకింట్లో తుమ్మితే పక్కింట్లో చిరంజీవ అంటారు. ఇక చావంటే ఊరుకుంటారా? పక్కింటి మల్లీశ్వరక్క జుట్టుముడి విప్పుకుంటూ వచ్చేసింది. ముందు ఏడ్చి, తరువాత ఎవరని అడగడం ఆమె పద్ధతి. ఎదురుగా ఉన్న ఇస్త్రీ బడ్డీ మూతపడింది. ఎవరో ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వాకిట్లో వేశారు. గుమ్మం ముందు చెప్పుల కుప్ప పడింది.

"పుండరీకం లాంటి మనిషి మళ్ళీ పుడతాడా! నవ్వించి నవ్వించి పాయె గదా!" అని మల్లీశ్వరక్క గుండె బాదుకుంటున్న సమయానికి, ఆ పోయిన మనిషి నడుముకు తువ్వాలు చుట్టుకుని, చెవిలో సబ్బునురగతో స్నానాలగదిలోంచి బయటికొచ్చాడు.

"ఎవరక్కా పోయింది?"

"నువ్వే గదయ్యా!"

"నేనా? నాకొక మాటైనా చెప్పలేదే!"

తిరిగి ఫోను కలిపితే ఇందీవర అసలు సంగతి విప్పింది. "అయ్యో, చావు కాదు సార్. తావు. తాటాకు తా." వీధంతా ఒకటే నవ్వు. కుర్చీలు తెచ్చినవాళ్ళు కాస్త నిరాశగానే కుర్చీలు తీసుకుపోయారు. కుముదవల్లి ఎక్కిళ్ళొచ్చేదాకా నవ్వింది.

నవ్వనిది పుండరీకం ఒక్కడే. చెవిలో నురగ ఎండిపోతున్నా తుడుచుకోలేదు. ఆ మాటకు అర్థం తెలిసినవాడు ఆ వీధిలో ఆయనొక్కడే మరి. చావన్నా ఆయన అంత భయపడి ఉండేవాడు కాదు.

* * *

వృక్షస్థల పరిశోధన కేంద్రంలో పుండరీకం పటాల శాస్త్రవేత్త. ఏ చెట్టయినా గోడమీద పటమైపోయేలోగా దానికి పటం గీయడం ఆయన ఉద్యోగం. అంటే అది ఎక్కడైతే బతికి బట్టకడుతుందో, ఆ తావును గుర్తించి ఎర్రటి చుక్క పెట్టడం. ఇప్పుడు చేతిలో ఉన్న చెట్టు వేగిస. దాని చెక్కతో చేసిన గ్లాసులో నీళ్ళు పోసి, రంగు దిగాక తాగితే షుగరు తగ్గుతుందని జనం నమ్మకం. నమ్మకం పెరిగేకొద్దీ చెట్టు తరిగింది. వాళ్ళకు అప్పగించిన నల్లమల వాలులో మిగిలినవి వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. వేళ్ళతో సహా పోయినవాటిని లెక్కపెట్టడానికి మాత్రం ఎన్ని వేళ్ళూ చాలవు.

మళ్ళీ నాటాలి, సరే. ఎక్కడ? చెట్టును అడిగితే చెప్పదు. అందుకని ఇందీవర నేలను అడిగే యంత్రాన్ని కనిపెట్టింది. ముప్ఫై రెండేళ్ళ పిల్ల, మాట మెత్తన, బుర్ర చురుకు. వేలెడంత గాజు సూది. నేలలో గుచ్చితే చాలు, మట్టిలోని ఉప్పూ, బూజూ, కుళ్ళిన ఆకూ అన్నీ వాసన పట్టేస్తుంది. దానికి పుండరీకమే 'నేలముక్కు' అని పేరు పెట్టాడు. నాలుగైదు చెట్ల దగ్గర గుచ్చితే, అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న వాసన ఏదో నేర్చుకుంటుంది. తరువాత దోమలంత ఎగిరే మరపురుగుల్ని వదులుతారు. ముక్కు పిల్లలు గనుక వాటి పేరు ముక్కెరలు. కొండలమీదా ఊళ్ళమీదా తిరిగి, అదే వాసన తగిలిన చోట తెరమీద ఎర్రచుక్క పెడతాయి. కిందటేడు ఇది చూపిన తావుల్లో నాటిన తెల్లకరక మొక్క ఒక్కటీ చావలేదు. ముక్కుసూటిగా పోవడమే తప్ప అబద్ధమాడటం ఆ ముక్కుకు రాదని కేంద్రంలో అందరికీ గురి.

వేగిసల దగ్గరికి ప్రతిసారీ పోయింది పుండరీకం. మిగిలినవాళ్ళు వంతులవారీగా వచ్చేవారు. ప్రతి వేగిస మొదట్లోనూ పసుపు పూసిన రాయొకటి ఉంటుంది. అడవితల్లి. ఆమె నీడలోకి తోలు పోకూడదు. ఈ సంగతి అడవిలో తమకు దారి చూపే గూడెం మనిషి లింగన్న చెప్పాల్సిన పనే లేదు. పుండరీకానికి వాళ్ళమ్మ నడకతోపాటే నేర్పింది. అందరూ నీడ అంచున ఆగి చెప్పులు విప్పేవారు. బెల్టులు, పర్సులు కూడా అక్కడే కుప్ప. డైరెక్టరు శేషఫణి గారు ఒక చేత్తో ప్యాంటునూ, రెండో చేత్తో హోదానూ పట్టుకుని నడిచేవారు. నేలముక్కుకూ తోలు తొడుగే. ప్లాస్టిక్ కంపు దానికి పడదు. తన తొడుగు వాసనను లెక్కలోకి తీసుకోవద్దని ఇందీవర దానికి ముందే నేర్పింది. తొడుగు తీస్తే గాజు పగులుతుంది, తొడుగుతో పోతే తల్లి ఒప్పుకోదు. అందుకని దాన్నీ నీడ అంచునే గుచ్చేవారు. "వేళ్ళు ఇంతదూరం పాకకుండా ఉంటాయా" అనుకుని అందరూ వట్టికాళ్ళతో చెట్టు దగ్గరికి పోయి, దండం పెట్టుకుని, టేపుతో చుట్టుకొలత తీసుకుని వచ్చేవారు.

పని అంత భక్తిగా జరిగింది.

* * *

ల్యాబులో ఎవరి మొహంలోనూ నెత్తురుచుక్క లేదు. ఉన్న చుక్కలన్నీ తెరమీదే ఉన్నాయి.

"ముక్కు నేర్చుకున్న వాసన చూడండి సార్," అంది ఇందీవర. "మట్టి కాదు. బూజు కాదు. చెమట ఉప్పు. చర్మం జిడ్డు. ప్రతి చెట్టు దగ్గరా అదే."

"అంటే చెట్ల కింద..." అని శేషఫణి సగంలో ఆగిపోయారు. ఆ మాట పూర్తి చెయ్యడానికి ఆయన హోదా చాలలేదు.

"మనుషులున్నారు సార్. వేగిస తావు నేల కాదు, మనిషి ఒళ్ళు."

పుండరీకం ఏదో చమత్కారం విసరబోయాడు. తెర చూసి మింగేశాడు.

కొండమీద ఒక్క చుక్కా లేదు. ఊళ్ళో మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి మసకగా ఉన్నాయి. ఒకటి డైరెక్టరు గారి ఇల్లు. ఒకటి ఇందీవర ఉండే గది. తక్కినవి కూడా కేంద్రం ఉద్యోగుల ఇళ్ళే. కాగడాలాగా వెలిగిపోతున్నది ఒక్కటే, పుండరీకం ఇల్లు.

"ఈ ఇళ్ళన్నిటిలో ఉన్నదేమిటని నిన్నట్నించీ ఆలోచిస్తున్నాను," అంది ఇందీవర. "ఉగాదికి డైరెక్టరు గారు మనందరికీ గాలివానకు పడిన వేగిసతో గ్లాసులు చేయించి ఇచ్చారు. మేమంతా అలమరాలో పెట్టుకున్నాం. మీ ఇంట్లో..."

మీ ఇంట్లో తాగుతున్నారు. ఆ మాట ఆమె అనలేదు. కుముదవల్లికి షుగరు. రోజూ పొద్దున్నే ఆ గ్లాసుతో నీళ్ళు ఆమె చేతికిచ్చి, తాగేదాకా నిలబడేది పుండరీకమే.

"చెట్టుకు అడవిలో చోటు మిగల్లేదు సార్. నీళ్ళతోపాటు మనిషి లోపలికి దిగి, తావు మార్చుకుంటోందేమో."

అప్పుడు చుక్క కదిలింది.

ముగ్గురూ ఒక్కసారే వెనక్కి జరిగారు. చుక్క ఇంట్లోంచి బయటికొచ్చింది. వీధి మలుపు తిరిగింది. మెయిన్‌రోడ్డు దగ్గర ఆగి, చాలాసేపు అక్కడే నిలబడింది. పుండరీకానికి అక్కడుండే కూరగాయల బండి గుర్తొచ్చింది. ఏ చెట్టూ కూరగాయల బండి దగ్గర ఆగి బేరమాడదు.

కుముదవల్లికి ఫోను చేశాడు. "ఎక్కడున్నావు?"

"బండి దగ్గర. బెండకాయలు ముదురువి, వాడేమో లేతవంటాడు. మీరు చెప్పండి వీడికి!"

తెరమీద చుక్క అటూ ఇటూ ఊగింది, బండివాడితో తగువేసుకుంటున్న మనిషిలాగా.

* * *

ఆ రోజునుంచి పుండరీకం భార్యను చూసే చూపు మారింది. భార్యను మొక్కలాగా చూసుకుంటానని పెళ్ళిలో అందరిముందూ అన్నమాట గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. వేగిస గ్లాసును అటకమీద పాత సూట్‌కేసు వెనక దాచాడు. అడిగితే పగిలిందన్నాడు.

"చెక్క గ్లాసు పగలడమేమిటండీ?" అంది కుముదవల్లి.

ఆమె మధ్యాహ్నం కునుకు తీస్తుంటే కళ్ళజోడు పెట్టుకుని మంచం కాళ్ళవైపు కూచున్నాడు. ఆమె పాదాలు వాచి ఉన్నాయి. అరికాలి పగుళ్ళను చూస్తే ఎండిన బెరడులాగే ఉంది. చిటికెనవేలు పక్కన సన్నటి నల్లగీత. అది నిన్న ఉందా? అతి మెల్లగా గోటితో తాకాడు.

కుముదవల్లి ఉలిక్కిపడి లేచింది. "ఏం చూస్తున్నారు? అరికాల్లో ఆస్తిరేఖ ఉందా?"

"ఏం లేదు, ఏం లేదు."

"చూస్తే చూశారుగానీ కాస్త పట్టండి. ఈమధ్య వేళ్ళు ఒకటే జివ్వుమంటున్నాయి."

"ఏ వేళ్ళు?" అని ఆయన అరిచిన అరుపుకు మల్లీశ్వరక్క గోడవతల గిన్నె జారవిడిచింది.

"నాకెన్ని రకాల వేళ్ళున్నాయండీ?"

నంద్యాలకు తీసుకుపోయి స్కానింగులన్నీ చేయించాడు. షుగరు ఎక్కువ రోజులుంటే నరాలు అలాగే జివ్వుమంటాయని డాక్టరు తీరిగ్గా చెప్పాడు. నరాలన్న మాట పుండరీకం లోపలికి పోయేసరికి నారలైంది. స్కానింగులో ఏమీ లేకపోవడమే ఆయనను ఎక్కువ భయపెట్టింది. విత్తనం మట్టిలో ఉన్నప్పుడు ఎవరికి కనిపిస్తుంది?

పడక హాల్లోకి మార్చుకున్నాడు. నిద్రపోయే మనిషి పక్కన పడుకుని, ఆమె ఊపిరిలో ఆకుల చప్పుడు వింటూ ఉండటం తనవల్ల కాలేదు. ఆ సంగతి ఆమెకు ఎలా చెప్పాలి? వీధిలో అందరినీ నవ్వించే మనిషి ఇంట్లో మూగనోము పట్టాడు.

మూడోనాడు చిక్కుడుకాయలు వలుస్తూ కుముదవల్లే కదిపింది. "నా రోగమంటే రోత పుట్టిందా?"

"కుముదం!"

"మరి ఎందుకా చూపు? నన్ను చూస్తున్నారా, నాలో దేన్నో చూస్తున్నారా?"

ఇక దాచలేక అంతా చెప్పేశాడు. చెట్లకింద మనుషుల వాసన, గ్లాసు, ఇంటి మీద చుక్క, బెండకాయల బండి దాకా నడిచిన చుక్క. చెబుతున్నంతసేపూ ఆమె చేతిలో ఒకే చిక్కుడుకాయ ఉంది. వలవలేదు. చివరికి తన రెండు పాదాలనూ చీర అంచుతో కప్పుకుంది.

"ఒక్క మాట చెప్పండి," అంది. "నిజంగానే నాలోంచి మొలిస్తే, నీళ్ళు పోస్తారా? గొడ్డలి తెస్తారా?"

పెళ్ళయిన నాటినుంచీ ఆమె ప్రతి మాటకూ పుండరీకం ఇంకో మాట అతికించి నవ్వించేవాడు. ఈ మాటకు మాత్రం ఆమె చేతిలోని చిక్కుడుకాయ తీసుకుని తాను వలవడం మొదలుపెట్టాడు.

* * *

శేషఫణి గారు తేల్చేశారు. సంగతి బయట పొక్కకముందే వాలులో ఉన్న వేగిసలన్నీ కొట్టేయాలి. చెట్టు పోతే దాని పట్టూ పోతుంది, లోపల పట్టుకున్నదేదో వదులుతుందని ఆయన ఆశ. ఆ ఆశకు ఆధారమేమిటని ఇందీవర అడిగితే, భయమన్నారు. పటం గీసినవాడి సంతకం కావాలి. చెట్టును కాపాడటానికి జీతం తీసుకుంటున్న పుండరీకం, భార్యను కాపాడుకోవాలని సంతకం పెట్టాడు.

"నేనూ వస్తాను," అంది కుముదవల్లి. "నాలో ఉందంటున్నదాన్ని నేనొకసారి చూడొద్దా?"

గుమ్మం దగ్గర ఆయన తోలుచెప్పులు తొడుక్కుంది. ఆమె కాళ్ళు వాచినప్పటినుంచీ సొంత చెప్పులు పట్టడం లేదు. ఆయన ఆఫీసుకు బూట్లు వేసుకుపోతే ఈమె బజారుకు ఆయన చెప్పులే. అడవికి పోయే రోజుల్లో మాత్రం ఆయనకు వదిలిపెట్టేది. ఆ రోజు ఆయన బూట్లేసుకున్నాడు.

వాలుమీద మొదటి వేగిస దగ్గర జీపు ఆగింది. ఆకులు కదలడం లేదు. లింగన్న ఎవరి మొహమూ చూడకుండా నిలబడ్డాడు. వాళ్ళ తల్లి కాళ్ళకింద శవాలున్నాయని విన్నప్పటినుంచీ ఆయనకు అన్నం సయించడం లేదు.

నీడ అంచు రాగానే అందరూ ఆగారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చెప్పులు విప్పారు, బెల్టులు తీశారు, పర్సులు పెట్టారు. చంపడానికి పోతూ కూడా కాళ్ళు వట్టివి చేసుకున్నారు. ఇందీవర ఎప్పటిలాగే ఆ కుప్ప పక్కన నేలముక్కును గుచ్చి, ముక్కెరలను వదిలి, ఆఖరి కొలత కోసం తెర తెరుచుకుని కూచుంది.

గొడ్డలి ఎవరు పట్టుకోవాలన్న దగ్గర ఒకరిమీద ఒకరు పెట్టుకున్నారు. చివరికి పుండరీకమే పట్టుకున్నాడు. పసుపురాయికి దండం పెట్టాడు. కుముదం వైపు చూడలేదు. కళ్ళు మూసుకుని ఒక్క వేటు వేశాడు.

మానులోంచి ఎర్రగా కారింది.

వేగిస జిగురు ఎరుపని, గాలి తగిలితే గడ్డకడుతుందని కాలేజీ పిల్లలకు పాఠం చెప్పినవాడు ఆయనే. అయినా గొడ్డలి చేతిలోంచి జారిపోయింది. శేషఫణి గారు రెండు చేతులతోనూ కళ్ళు మూసుకోబోయి, ప్యాంటు గుర్తొచ్చి ఒక చేత్తోనే మూసుకున్నారు. లింగన్న వెనక్కి తిరిగి కూలబడ్డాడు.

కదిలింది కుముదవల్లి ఒక్కతే. వట్టికాళ్ళతో వాళ్ళను దాటుకుని పోయి, ఆ గాటుమీద అరచెయ్యి ఆనించింది.

"అమ్మా, కదలకండి!" అని ఇందీవర కేకేసింది. ఆ కేకలో భయం కంటే వేరే ఏదో ఉంది. "సార్, అమ్మ అక్కడుంది గదా! చుక్క ఇక్కడే ఉంది!"

తెరమీద వెలుగుతున్న చుక్క చెట్టు దగ్గరికి పోలేదు. నీడ అంచున, ఇందీవర మోకాలి పక్కన, చెప్పుల కుప్పమీద కదలకుండా కూచుంది.

ఇందీవర డైరెక్టరు గారి బూటెత్తి పొద పక్కన పెట్టింది. ఒక మసక చుక్క దానితోపాటు పోయి పొద పక్కన వాలింది. తన చెప్పులు దూరంగా విసిరింది. ఇంకో చుక్క అటు ఎగిరింది. చివరికి పుండరీకం తోలుచెప్పులు రెండూ చేతికి తీసుకుని అక్కడున్న బండచుట్టూ నడిచింది. కాగడాలాంటి చుక్క ఆమెవెంట బండచుట్టూ తిరిగింది.

"చెట్టు దగ్గరికి మనం పోయాం," అంది, నవ్వో ఏడుపో తెలియని గొంతుతో. "ముక్కును మాత్రం ప్రతిసారీ ఇక్కడే కూచోబెట్టాం. పాపం, అది పక్కన ఏముంటే అదే నేర్చుకుంది. ప్రతిసారీ వచ్చినవి మీ చెప్పులు సార్. అందుకే మీవి అన్నిటికంటే ఎర్రగా ఉన్నాయి. అడవికి వేసుకొచ్చేవి ఇంట్లోనే వదిలి ఆఫీసుకు పోతాం గదా, చుక్కలు ఇళ్ళమీద పడ్డాయి. చెట్లకింద మనుషులు లేరు. మన చెమటే."

"చెప్పులు విప్పినచోటే..." అన్నారు శేషఫణి గారు నోరు తెరిచి. "అందరం విప్పాం గదయ్యా! ఒక్కరికీ తట్టలేదే!"

"చెప్పు చెప్పేదాకా మనకు తెలియలేదు," అన్నాడు పుండరీకం. ఇన్నాళ్ళకు వచ్చిన మాట. అందరూ పగలబడి నవ్వారు. లింగన్న నేలమీద దొర్లి నవ్వాడు. పుండరీకం కూడా నవ్వుతూ కుముదం వైపు తిరిగాడు.

ఆమె నవ్వడం లేదు. అరచేతినిండా ఎరుపు.

"నీళ్ళా గొడ్డలా అని అడిగితే ఆ రోజు చెప్పలేదు మీరు," అంది నెమ్మదిగా. "ఇప్పుడు చూశాలెండి."

నవ్వులు ఒక్కొక్కటే ఆరిపోయాయి. పుండరీకం చెట్టు మొదట్లో కూచున్నాడు. తాగే నీళ్ళసీసా వంచి మట్టి తడిపి, ముద్దచేసి గాటులో కూరాడు. ఎర్రగా నానుతూ మట్టి జారిపోయింది. మళ్ళీ కూరాడు. చాలాసేపటికి కుముదం పక్కన కూచుని, మట్టి జారకుండా చెయ్యి అడ్డం పెట్టింది. ఆయనవైపు మాత్రం చూడలేదు.

ఇందీవర నేలముక్కు తోలుతొడుగు విప్పేసింది. కుముదవల్లి చీరచెంగు చింపి ఇచ్చింది. ఆ గుడ్డలో చంటిబిడ్డలాగా చుట్టి, మొదటిసారి దాన్ని వేరు పక్కన గుచ్చారు. ఆ వాలులో ఉన్న ప్రతి వేగిస దగ్గరా గుచ్చుకుంటూ పోయారు.

* * *

సాయంత్రం వీధంతా మళ్ళీ పుండరీకం ఇంట్లోనే ఉంది. ఈసారి ఎవరూ కుర్చీలు తేలేదు, చాపమీదే కూచున్నారు. పుండరీకం నిలబడి, ఫోనులో తావు చావైన దగ్గరనుంచి చెప్పుల దాకా ఏదీ దాచకుండా చెప్పాడు. గొడ్డలి ఎత్తింది ఎవరో కూడా చెప్పాడు. ఆ చోట వంటింటి గడప మీద కూచున్న కుముదవల్లి తలెత్తి ఆయన వైపు చూసింది.

"అయితే నీ చెప్పుల కంపుకా ఇంత రభస!" అంది మల్లీశ్వరక్క. "మేమింకా కుముదానికి గాలి సోకిందనుకుంటిమి. నీ కాలిగాలే సోకింది!"

ఇస్త్రీ బడ్డీ ఆయన నవ్వలేక కడుపు పట్టుకున్నాడు.

"పోనీలే, చావు మీ ఇంట్లో లేదు, అంతే చాలు," అని మల్లీశ్వరక్క కళ్ళు తుడుచుకుంది. "మరి ఆ తావో? అదన్నా యాడుందో తెలిసిందా?"

పుండరీకం ఫోను తీశాడు. ఇందీవర అప్పుడే పంపిన కొత్త పటాన్ని తెరిచి, తెరను వాళ్ళవైపు తిప్పాడు. ఊరు తెల్లగా ఉంది. ఆ పక్క కొండ తెల్లగా ఉంది, దాని వెనక కొండ కూడా. చాలాసేపు వెతికితే ఒకచోట గోరంత ఎరుపు కనిపించింది.

"అక్కడా?" అంది మల్లీశ్వరక్క.

"అక్కడే. ఆ చెట్లున్న వాలుమీదే, ఇంకెక్కడా లేదు."

"నువ్వు గొడ్డలి పెట్టిన చోటా?"

పుండరీకం తలూపాడు.

ఒక్కొక్కరే లేచారు. గుమ్మం ముందు కుప్పలో ఎవరి చెప్పులు వాళ్ళు వెతుక్కుని, కాలు దూర్చేముందు ఒకసారి వంగి వాటివైపు చూసుకుని, ఇళ్ళకు పోయారు.